నెల్లూరు, ఒంగోలు నంబర్లతో అడ్వాన్స్ మోసం: జాగ్రత్త, ఆ ఫొటోలో ఉన్నావిడ జోలికి మాత్రం పోకండి

అన్నలూ, నెల్లూరు, కావలి, ఒంగోలు మధ్య పని మీద తిరిగేవాళ్ళు ముఖ్యంగా ఇది చివరిదాకా చదవండి. నాది రొయ్యల మేత వ్యాపారం, వారంలో సగం రోజులు లాడ్జిల్లోనే గడుస్తాయి, సొంతంగా పని చేసుకునే సెక్స్ వర్కర్ల దగ్గరికి అప్పుడప్పుడు వెళ్తుంటాను. నెల్లూరు మినీ బైపాస్ అడ్రస్ చెప్పే ఒక నంబర్ ఈమధ్య బాగా తిరుగుతోంది. అడ్వాన్స్ అని నా దగ్గర 3,500 లాగారు. డబ్బు పోవడం ఒక ఎత్తు, ఆ తర్వాత తెలిసిన సంగతి ఇంకో ఎత్తు.

వాట్సాప్‌లో హాయ్ అనగానే ఫొటో వచ్చింది. నీలం కర్టెన్ పక్కన కూర్చుని, మొహం సగం పక్కకు తిప్పి తల దువ్వుకుంటున్న ఒకావిడ. రేటు బయట నడిచేదాంట్లో సగం చెప్పారు. ఏ టైమైనా సరే, ఎంతసేపైనా సరే, కండోమ్ లేకపోయినా సరే అని నేను అడక్కుండానే మెసేజ్‌లు. ముందు టోకెన్ 500, అది వేశాక రూమ్ ఎంట్రీ అని 1,000, బైపాస్ దాకా వచ్చాక సెక్యూరిటీ డిపాజిట్ 2,000, వెళ్ళేటప్పుడు తిరిగిచ్చేస్తామని. ఆ పైన రిఫండ్ కోసం క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమన్నారు. ఇది గుర్తుపెట్టుకోండి, మనకు డబ్బు రావాలంటే పిన్ కొట్టే పనే లేదు, పిన్ అడిగిందంటే మన ఖాతాలోంచి పోతున్నట్టే. ఇంకోటి, డబ్బు వేసిన ప్రతిసారీ అవతల పేరు మారింది, ఒక్కటి కూడా ఆడవాళ్ళ పేరు కాదు.

నేను ఆపేసరికి ఒక మగ గొంతు ఫోన్ చేసి, ఎస్సైని మాట్లాడుతున్నా, అమ్మాయిని పట్టుకున్నాం, నీ నంబర్ దొరికింది, 20,000 వేస్తే కేసు లేకుండా చేస్తా, లేదంటే ఇంటికి ఫోన్ పోతుంది అన్నాడు. పోలీసునని చెప్పి బెదిరించడం అదే ఒక నేరం, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 204 కింద వస్తుంది. భయపడి ఒక్క రూపాయి వేసినా మర్నాడు మళ్ళీ ఫోన్ వస్తుంది. స్క్రీన్‌షాట్లు, యూపీఐ నంబర్లు దాచుకుని వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే, డబ్బు ఇంకో ఖాతాకు మారేలోపు ఆపించే అవకాశం అంత ఎక్కువ. పరువు పోతుందని మనం నోరు మూసుకుంటామన్నదే వాళ్ళ ధీమా. వీడియో కాల్‌లో బట్టలు తీయమనే నంబర్లు కూడా ఇలాంటివే, ఆ స్క్రీన్ రికార్డ్ చేసి ఇంట్లోవాళ్ళకు పంపుతామని పీక్కుతింటారు.

ఇక ఫొటో సంగతి. ఒంగోలు వైపు ఈ పనిలో చాలా ఏళ్ళుగా ఉన్న ఒకావిడ నాకు తెలుసు. ఇలా మోసం జరుగుతోంది మేడమ్, జాగ్రత్త అని ఆ మెసేజ్‌లు చూపిస్తే ఫొటో చూసి ఆవిడ మొహం మాడిపోయింది. ఫొటోలో ఉన్నామె కూడా ఈ పని చేసుకునే మనిషే, కానీ ఆ నంబర్‌కీ ఆమెకీ ఏ సంబంధమూ లేదు. ఒక కస్టమర్ మంచం మీద పడుకుని ఫోన్ చూసుకుంటున్నట్టు నటించి, ఆమె తల దువ్వుకుంటుంటే తీశాడు. ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టాడు. అక్కడి నుంచి ఎక్కడెక్కడికి పోయిందో, చివరికి ఈ దొంగల చేతిలో పడింది. డబ్బు పోగొట్టుకున్నవాడొకడు ఆమెను బస్టాండ్‌లో గుర్తుపట్టి, నా డబ్బులు ఇవ్వు అని జనం మధ్య చెయ్యి పట్టుకున్నాడట. పక్కన స్కూల్ బ్యాగుతో కొడుకు ఉన్నాడు. ఆమె నంబర్ మార్చింది, తర్వాత ఇల్లు కూడా మారింది.

అందుకే అడుగుతున్నా, మోసపోయిన కోపం ఆ ఫొటోలో కనిపించే మనిషి మీద చూపించకండి. ఒంటి మీద బట్టలు లేనప్పుడో, లోదుస్తుల్లో ఉన్నప్పుడో, శృంగారంలో ఉన్నప్పుడో ఆడమనిషిని అడక్కుండా ఫొటో తీసినవాడికీ, దాన్ని పంచినవాడికీ అయితే న్యాయ సంహిత సెక్షన్ 77 ఉంది, మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ళ దాకా జైలు. అలాంటి ఫొటో తీయడానికి ఆమె ఒప్పుకున్నా, ఇతరులకు పంపడానికి ఒప్పుకోకపోతే పంపడం నేరమే.

ఇంకో సమస్య కూడా వచ్చిపడింది. ఇలా దెబ్బతిన్నవాళ్ళు ఇప్పుడు నిజంగా పని చేసుకునేవాళ్ళని లైవ్ వీడియో చూపించు, ఆధార్ పంపు అని వేధిస్తున్నారు. మొహం, ఊరు, అసలు పేరు బయటపడితే వాళ్ళ బతుకు ఏమవుతుందో పైన చెప్పిందే చూడండి. ఆ ఒంగోలు ఆవిడ మాటల్లో చెప్పాలంటే రాత్రి పదకొండు తర్వాత ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లలో నిజంగా వచ్చేవాళ్ళు ఎవరో తేల్చుకోవడమే ఒక పని. వస్తానని ఒకడు చెప్తే ఇంకొకరికి కుదరదని చెప్పేస్తుంది, పిల్లల్ని అక్క దగ్గర దింపి, ఆటో మాట్లాడుకుని, రూమ్‌కి డబ్బు కట్టి కూర్చుంటుంది, వాడు ఫోన్ స్విచ్ ఆఫ్ చేస్తాడు. ఆ నష్టం ఎవరినీ అడగలేదు. అందుకే కొందరు కొంచెం అడ్వాన్స్ అడుగుతారు, అడ్వాన్స్ అడిగినంత మాత్రాన దొంగ అనుకోకూడదు. ఒక్కసారి అడిగి ఆపితే వేరు, మెట్టు మెట్టుకీ కొత్త పేరుతో అడుగుతూ తొందర పెడితే వేరు.

నేను చూసినంతలో అసలు తేడా ఇక్కడే తెలుస్తుంది. తన పని తను చేసుకునే మనిషి అన్నిటికీ సరే అనదు. ఒక్కరే వస్తున్నారా, తాగి ఉన్నారా, నంబర్ ఎవరిచ్చారు అని అడుగుతుంది, కండోమ్ లేకపోతే కుదరదంటుంది, కొన్ని చేయనని ముందే చెప్తుంది. ఆ ప్రశ్నలకు చిరాకు పడకండి. తలుపు మూసుకున్నాక లోపల ఆమెకు ఎవరూ తోడు ఉండరు, లోపలికి వచ్చేవాడు ఎవరో ముందు తెలుసుకోవడం ఒక్కటే ఆమె చేతిలో ఉన్నది.

వెళ్ళాక కూడా, మాట్లాడుకున్న డబ్బు కవర్‌లో పెట్టి రాగానే టేబుల్ మీద పెట్టేయండి, ఆమె నోరు తెరిచి అడిగేదాకా ఉంచకండి. గుమ్మం దగ్గర బేరాలొద్దు. ఫోన్ బోర్లించి దూరంగా పెట్టండి, తను మొదట చూసేది మన ఫోన్ ఎక్కడుందనే అని ఆ ఒంగోలు ఆవిడ నాతో చెప్పారు. స్నానం చేసి, తాగకుండా వెళ్ళండి. మధ్యలో వద్దు అంటే అక్కడితో ఆగాలి, డబ్బిచ్చాం కదా అనే మాట చెల్లదు. ఇష్టం లేకుండా మీద పడితే అది అత్యాచారమే. 2022 మే 19న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో, దాడికి గురైన సెక్స్ వర్కర్‌కి మిగతా బాధితులకు అందే వైద్యం, చట్టపరమైన సాయం అన్నీ అందాలని, పోలీసులు వాళ్ళని గౌరవంగా చూడాలని, కండోమ్‌లు దొరికాయని వాటిని నేరానికి సాక్ష్యంగా చూపకూడదని ఉంది. ఇది ఆవిడకు చెప్తే స్టేషన్‌లో గేటు దగ్గరే ఆపేస్తారు బాబూ అన్నారు. అసలు పేరు, కులం, ఈ పనిలోకి ఎందుకొచ్చావు, ఇవి అడగొద్దు, చెప్పాలనుకుంటే వాళ్ళే చెప్తారు. కండోమ్ చిరిగితే కంగారుపడి ఆమెను తిట్టకండి, ఇద్దరూ 72 గంటల్లోపు పెద్దాసుపత్రిలో ఏఆర్‌టీ సెంటర్‌కి, అంటే హెచ్‌ఐవీ మందులిచ్చే చోటికి వెళ్తే డాక్టర్ చూసి, అవసరమైతే హెచ్‌ఐవీ సోకకుండా మందులు ఇస్తారు. సందేహాలుంటే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయొచ్చు, ఉచితమే.

మనకీ చట్టం వర్తిస్తుంది. 1956 నాటి వ్యభిచార నిరోధక చట్టం (ఐటీపీఏ) సెక్షన్ 7 ప్రకారం గుడి, బడి, హాస్టల్, ఆసుపత్రి లాంటి వాటికి 200 మీటర్ల లోపల అయితే కస్టమర్ మీద కూడా కేసు పెట్టొచ్చు. దానికంటే ముఖ్యమైనది ఇంకొకటి. మాట్లాడేది ఎప్పుడూ వేరే మగాడే అయినా, ఆమె ఫోన్ ఆమె దగ్గర లేకపోయినా, తలుపు బయట గడియ వేసి ఉన్నా, వయసు తక్కువగా అనిపించినా ఆగకుండా బయటికి వచ్చి 112కి చెప్పండి, చిన్నపిల్ల అయితే 1098. బలవంతంగా తెచ్చిన మనిషని తెలిసి వెళ్ళినవాడికి న్యాయ సంహిత సెక్షన్ 144 కింద మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా, పిల్లలయితే అయిదు నుంచి పదేళ్ళ దాకా జైలు.

నేను నా కంప్లయింట్ ఇచ్చేశాను. ఇదే పద్ధతిలో మీ దగ్గర కూడా తీసుకుని ఉంటే ఎవరికి వాళ్ళు విడిగా ఫిర్యాదు చేయండి, ఒకే యూపీఐ నంబర్ మీద ఎక్కువ ఫిర్యాదులు పడితే ఖాతా త్వరగా ఆపించొచ్చు. గ్రూపుల్లో హెచ్చరిక పెట్టేటప్పుడు ఆ దొంగ నంబర్, వాళ్ళ మెసేజ్‌లు పెట్టండి, నీలం కర్టెన్ ఫొటోని మాత్రం నల్లగా చెరిపేసి పెట్టండి. ఇప్పటికే పెట్టినవాళ్ళు ఉంటే దయచేసి ఈరోజే తీసేయండి.