మలంలో వాపును కొలిచే కిట్: శాస్త్రం గట్టిది, కరపత్రం నాసిరకం

అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు వాచి పుండ్లు పడే దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవారికి కొలొనోస్కోపీ గురించి, అంటే గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష గురించి, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆ గొట్టం కన్నా పేగు ఖాళీ చేయడానికి ముందురోజు తాగించే మందే ఎక్కువ భయపెడుతుంది. అందుకే పేగు వాపును పట్టిచ్చే కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రోటీన్‌ను మలంలో ఇంట్లోనే కొలుచుకునే కిట్ వాడి చూడమని డాక్టరుగారు అనగానే ఒప్పుకున్నాను. కొంతకాలంగా వాడుతున్నాను. మెచ్చుకోలుతో పాటు తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు.

పెట్టెలో మలం నీళ్లలో పడకుండా పట్టే కాగితం, చివర గాట్లున్న పుల్ల, ద్రావణం నింపిన చిన్న గొట్టం, గర్భ పరీక్ష పట్టీని పోలిన క్యాసెట్ ఉంటాయి. పుల్లను మలంలో వేర్వేరు చోట్ల గుచ్చి గొట్టంలోకి దించాలి. గాట్లలో నిండినంత మేరకే లోపలికి వెళ్తుంది, పైన అంటుకున్నది సన్నని మూతి దగ్గరే ఒరుసుకుపోతుంది. కొలతను మన చేతివాటానికి వదిలేయని ఈ ఏర్పాటు నాకు బాగా నచ్చింది. తర్వాత గొట్టాన్ని కుదిపి, కాసేపు ఆగి, క్యాసెట్ మీద చుక్కలు వేసి ఫోనుతో ఫొటో తీస్తే గ్రాముకు ఎన్ని మైక్రోగ్రాములో అంకె వస్తుంది. అసహ్యం మొదటిసారే.

ఇంతకీ ఆ అంకెను ఎందుకు నమ్మాలి? మాగ్నే ఫాగర్‌హోల్ అనే నార్వే శాస్త్రవేత్త పని గురించి చదివాక నాకు కొంత నమ్మకం కుదిరింది. ఆయన రక్తంలోని ప్రోటీన్ల మీద పనిచేసినవారు. ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రోటీన్‌లో వంశపారంపర్యంగా వచ్చే రకాల మీద 1960లలోనే పరిశోధించారు. 1980లో ఆయన బృందం తెల్ల రక్తకణాల నుంచి వేరుచేసిన ఒక ప్రోటీన్ గురించి ప్రకటించింది. దాన్నే ఇప్పుడు కాల్‌ప్రొటెక్టిన్ అంటున్నాం. న్యూట్రోఫిల్ అనే రకం తెల్ల రక్తకణం లోపలి ద్రవంలోని ప్రోటీన్‌లో సగానికి పైగా అదే. జింకును, మాంగనీసును పట్టేసుకుని సూక్ష్మజీవులకు అందకుండా చేస్తుంది. పేగు గోడ వాచినప్పుడు న్యూట్రోఫిల్స్ అక్కడ గుమిగూడి, గోడ దాటి మలంలో కలుస్తాయి. మలంలోని బాక్టీరియా ఈ ప్రోటీన్‌ను తేలికగా విరగ్గొట్టలేవు కాబట్టి అది అక్కడ నిలిచి ఉంటుంది. దాన్ని మలంలో కొలిచే పద్ధతిని ఆర్నే రోసెత్, ఫాగర్‌హోల్, మరికొందరు కలిసి 1992లో ప్రచురించారు. రక్తకణాల దగ్గర మొదలైన పరిశోధన మా మరుగుదొడ్డి దాకా రావడానికి పన్నెండేళ్లు పట్టిందన్నమాట. ఇంగ్లండ్‌లో 2013 నుంచి ఐబీఎస్‌ను (వాపు లేకుండానే పేగు ఇబ్బంది పెట్టే సమస్య), పేగు వాపు జబ్బును విడదీసి చూడటానికి ఈ పరీక్షను అధికారికంగా సిఫారసు చేస్తున్నారు.

ఇంత మంచి శాస్త్రానికి అంత నాసి కరపత్రం ఎలా జతచేశారో అర్థం కాదు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు అంకెను పెంచగలవన్న సంగతి చివరి పేజీలో చీమతల అక్షరాల్లో ఉంది. పేగులో ఇన్ఫెక్షన్ ఉన్నా అంకె పెరుగుతుంది. ఒకే రోజు రెండు నమూనాలు తీస్తే రెండు అంకెలు రావచ్చు, కాబట్టి ఉదయం మొదటిసారి వచ్చిన మలమే ప్రతిసారీ వాడటం మేలు. ఒక కంపెనీ కిట్ అంకెను మరో ల్యాబ్ అంకెతో పోల్చకూడదు. ఇవన్నీ మొదటి పేజీలో ఉండవలసినవి. యాప్ మాత్రం ఆకుపచ్చ, పసుపు, ఎరుపు చూపించి చేతులు దులుపుకుంటుంది. సాధారణంగా 50 లోపు ఉంటే వాపు లేదని, 250 దాటితే జబ్బు రేగి ఉండవచ్చని డాక్టర్లు చూస్తారు. మధ్యలో వస్తే మళ్లీ పరీక్షించాలి. ఈ చిన్న వివరణ రాయడానికి యాప్‌లో చోటు లేకపోయిందా?

అయినా కొనమనే అంటాను, ఆ అంకెను చూసి మందు మార్చే డాక్టరు మీకు ఉంటే. 2017లో వెలువడిన కామ్ అనే అధ్యయనంలో క్రోన్స్ (మరో రకం పేగు వాపు జబ్బు) రోగులకు లక్షణాలతో పాటు కాల్‌ప్రొటెక్టిన్, సీఆర్‌పీ (వాపును చూపే రక్తపరీక్ష) కూడా చూస్తూ మందు పెంచారు. 48 వారాలకు వారిలో 46 శాతం మందికి పేగు గోడ మానింది. ప్రధానంగా లక్షణాలనే చూసి వైద్యం చేసిన వారిలో అది 30 శాతమే. కడుపు బాగున్నట్టు అనిపించినా లోపల వాపు మిగిలి ఉండటం ఈ జబ్బులో మామూలే. క్రోన్స్ చిన్నపేగుకే పరిమితమైన వారిలో మాత్రం ఈ అంకె ఒక్కోసారి తక్కువగానే కనిపిస్తుంది, వారు డాక్టరును అడిగే కొనాలి.

చివరగా ఒక చికాకు. యాప్ అన్ని ఫోన్లలోనూ పనిచేయదు. అది ఒప్పుకునే ఫోన్ల జాబితా పెట్టె లోపల కరపత్రంలో ఉంది, పెట్టె తెరిస్తే వాపసు తీసుకోరు. కొనేముందే కంపెనీని అడిగి కనుక్కోండి.