లాన్ మోవర్ కాయిల్ కొనేవాళ్లు జాగ్రత్త: కొత్తదని పాతది అంటగట్టారు

గడ్డి కోసే పెట్రోల్ లాన్ మోవర్‌కి ఆన్‌లైన్‌లో ఇగ్నిషన్ కాయిల్ (ఇంజన్లో స్పార్క్ పుట్టించే భాగం) కొనబోతున్నారా? ఆగండి. 'ఒరిజినల్, ఆరు నెలల వారంటీ' అని పెద్ద అక్షరాలతో పెట్టే ఆ స్పేర్ పార్ట్స్ షాపు మీకూ తెలిసే ఉంటుంది. అక్కడే కొన్నాను.

మాది ఫంక్షన్ హాళ్లలో లాన్ పని. పెళ్లిళ్ల సీజన్. కొత్త కాయిల్ బిగించగానే ఇంజన్ స్టార్టయింది, వేడెక్కగానే ఆగిపోయింది. చల్లారితే స్టార్టవుతుంది, వేడెక్కితే మళ్లీ అంతే. ఆగిన వెంటనే స్పార్క్ ప్లగ్ విప్పి ఇంజన్ బాడీకి ఆనించి తాడు లాగితే స్పార్క్ లేదు. ప్లగ్ మార్చాం. స్టాప్ స్విచ్ వైరు పీకి చూశాం. ఇంజన్‌తో పాటు తిరిగే చక్రం ఫ్లైవీల్‌కి, కాయిల్‌కి మధ్య గ్యాప్ విజిటింగ్ కార్డు పెట్టి చూసుకున్నాం, సుమారు 0.3 మిల్లీమీటర్లు, సరిగ్గానే ఉంది. చివరికి కాయిల్ విప్పి గీకితే కొత్త రంగు కింద తుప్పు!

షాపుకి ఫోన్ చేస్తే అక్కడి ఆయన అన్న మాట: "మీ బ్యాటరీ వోల్టేజ్ ఎక్కువై కాలిపోయింది. వారంటీ రాదు."

సార్, ఇది తాడు లాగి స్టార్ట్ చేసే ఇంజన్, దీనికి బ్యాటరీయే లేదు అన్నాను. "మాకు నేర్పుతున్నారా?" అని ఫోన్ పెట్టేశాడు. డబ్బు పోయినదానికంటే ఆ మాటే ఎక్కువ మండించింది.

ఈ ఇంజన్లో కరెంటు పుట్టించేది ఫ్లైవీల్ మీదున్న అయస్కాంతం. అది కాయిల్ ముందు నుంచి తిరిగిన ప్రతిసారీ లోపలి లావు తీగచుట్టలో కరెంటు పుడుతుంది. సరైన క్షణానికి ట్రాన్సిస్టర్ దాన్ని తెంపుతుంది. ఆ తెంపుకి సన్న తీగచుట్టలో వేల వోల్టులు లేచి ప్లగ్ దగ్గర స్పార్క్ వస్తుంది. పాత ఇంజన్లలో ఈ తెంపే పని పాయింట్లు (కలిసి విడిపోయే చిన్న లోహపు ముక్కలు) చేసేవి, అరిగితే రుద్ది సరిచేసేవాళ్లం. ఇప్పుడు అంతా రెసిన్ పోసి మూసేసిన దిమ్మ. లోపల ఏముందో కొనేవాడికి కనబడదు. వేడికి పనిచేయడం మానేసే పాత దిమ్మకి రంగేసి అమ్మడం అందుకే వాళ్లకి అంత సులువైంది. ఇందులో బ్యాటరీ ఎక్కడుంది?

పార్సెల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. బోల్టు రంధ్రాల దగ్గర బిగించిన గుర్తులుంటే అక్కడే వెనక్కి పంపండి. ఒకసారి స్పార్క్ వచ్చిందని సరిపెట్టుకోకుండా ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడిపి చూడండి. నేను కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాను. అదే షాపులో దెబ్బతిన్నవాళ్లుంటే మీరూ పెట్టండి.