కర్నూలులో ఎడమ చేత్తో ట్యాలీ కోర్సు: ఫీజు తగ్గించారు, టైం ఇవ్వలేదు

వ్యాపారం లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్న సెంటర్‌కు ముందే మార్కులు చెప్పేస్తాను. పాఠం చెప్పే తీరుకు ఐదుకు నాలుగున్నర, గదికి రెండు, పరీక్షకు ఒకటి. సెంటర్ పేరు రాయను. నాలాంటివాళ్లు ఏ సెంటర్ మెట్లెక్కినా ఇవే చూసుకోవాలి కాబట్టి పేరుతో పెద్దగా పనిలేదు.

నేను ఆదోని మార్కెట్ యార్డులో ఒక కమీషన్ మండీలో గుమస్తాగా పనిచేసినవాణ్ణి. పత్తి, వేరుశనగ, ఆముదాలు. చిట్టా, ఆవర్జా అన్నీ చేత్తో రాసిందే. నలభై ఆరో ఏట పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. కాలు కొంత తిరిగొచ్చింది, కర్ర పట్టుకుని నడుస్తాను. చేయి రాలేదు. ఫిజియోథెరపీ కోసం కర్నూలులో చెల్లెలి ఇంట్లో ఉంటున్నాను. మా సావుకారు కొడుకు చూడ్డానికొచ్చి, "లెక్కలన్నీ ఇప్పుడు ట్యాలీలోనే అన్నా, నేర్చుకుని రా, నీ కుర్చీ నీకే" అన్నాడు. అందుకే చేరాను.

మూడు నెలల కోర్సు, ఫీజు 4,500. నా చేతిలో కర్ర చూడగానే ఓనర్ వెయ్యి తగ్గించారు. నేను అడగలేదు. నెలకు 6,000 పింఛను మీద నడిచే మనిషికి వెయ్యంటే మాటలు కాదు, కాదనలేదు.

సెంటర్ మొదటి అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు జబ్బు కాలు ముందు అని ఫిజియో నేర్పారు, అది బాగానే వచ్చింది. చిక్కల్లా రెయిలింగ్‌తో. ఉన్నది ఒకే వైపు, ఎక్కేటప్పుడు కుడి చేతి వైపు. నా కుడి చేయి దాన్ని పట్టుకోలేదు. దిగేటప్పుడు అదే ఎడమ వైపుకొస్తుంది, హాయిగా పట్టుకుని దిగొచ్చు. అంటే ఆ మెట్లు నాకు దిగడానికి పనికొస్తాయి, ఎక్కడానికి పనికిరావు. రోజూ ఎవరో ఒక పిల్లవాడు భుజం ఇచ్చేవాడు. ఇంకో వైపు ఒక ఇనుప పైపు బిగిస్తే ఆ అవసరమే ఉండదు. ఓనర్‌కు చెప్పాను, "చేయిద్దాం అన్నా" అన్నారు. ఇంకా చేయించలేదు.

ల్యాబ్‌లో అన్నీ చక్రాల కుర్చీలు, తిరిగేవి. చూడ్డానికి బాగుంటాయి. ఒక పక్క పట్టులేని మనిషి అందులో కూర్చోబోతే అది వెనక్కి జారుతుంది. పడితే మళ్లీ లేవడం ఇద్దరి పని. రిసెప్షన్‌లో ఉన్న చేతుల ప్లాస్టిక్ కుర్చీ అడిగి తెప్పించుకున్నాను. ఇంకో మాట, పడిపోయిన చేతిని కిందికి వేలాడనివ్వకూడదు, భుజం కీలు జారుతుంది. బల్ల మీద దానికీ చోటుండాలి. కీబోర్డు, మౌసు, నోట్సు, పక్కవాడి వాటర్ బాటిల్ పోను మిగిలిన చోటులో దాన్ని సర్దేవాణ్ణి.

ఇక చదువు. నాలుగున్నర ఇచ్చింది అక్కడి మేడం వల్ల. మొదట్లో ఆమె కూడా అందరిలాగే "మెల్లగా చేయండి సార్, తొందరేం లేదు" అనేవారు. ఒకరోజు తన కుడి చేయి ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేత్తో ఒక్కొక్క వోచరే, అంటే ఒక్కో లావాదేవీ పద్దే, కొట్టి చూశారు. చేయి ఎక్కడ అందడం లేదో అప్పుడు ఆమెకే తెలిసింది. కంట్రోల్ ఈ మూల, పి ఆ మూల. ప్రింట్ ఇవ్వాలంటే రెండూ కలిపి నొక్కాలి. ఆ సాయంత్రమే వెతికి స్టిక్కీ కీస్ చూపించారు. షిఫ్ట్ వరసగా ఐదుసార్లు నొక్కితే ఆన్ చేయాలా అని విండోస్ అడుగుతుంది. అవునంటే చాలు, కంట్రోల్ నొక్కి వదిలేసి తర్వాత తీరిగ్గా పి నొక్కినా రెండూ కలిపి నొక్కినట్టే తీసుకుంటుంది. రూపాయి ఖర్చు లేదు, కంప్యూటర్‌లోనే ఉంది. దీనికీ ఒక తిరకాసుంది. తర్వాతి బ్యాచ్ కుర్రాడు మామూలుగా రెండు కీలు ఒకేసారి నొక్కగానే అది దానంతటదే ఆగిపోతుంది. మర్నాడు వచ్చి మళ్లీ ఐదుసార్లు షిఫ్ట్ కొట్టుకోవాలి. రెండు కీలు కలిపి నొక్కితే ఆగిపోవాలి అనే టిక్కు సెట్టింగుల్లో ఉంటుంది, అది తీసేస్తే ఆగదు. మాస్టర్ కంప్యూటర్ తప్ప మిగతావాటిలో సెట్టింగులు ముట్టుకోకూడదని అక్కడ రూలు.

ట్యాలీ మాత్రం ఒంటిచేతి మనిషికి కలిసొచ్చే సాఫ్ట్‌వేర్. మౌసుతో దాదాపు పనే లేదు. ఎఫ్5 నొక్కితే పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్. కంట్రోల్, ఎ కొడితే సేవ్. ఇబ్బందల్లా అంకెలతోనే. నంబర్ ప్యాడ్ కీబోర్డుకు కుడి చివర ఉంటుంది, ఎడమ చేయి ఒళ్లు దాటి అక్కడికి పోవాలి. గుమస్తా పనంతా అంకెలే కదా. విడిగా యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ దొరుకుతుందని మేడమే చెప్పారు. కొని ఎడమ పక్కన పెట్టుకున్నాను. ఈ కోర్సు మొత్తంలో నాకు బాగా పనికొచ్చిన వస్తువు అదే.

బ్యాచ్‌లో పిల్లలు "ఫోన్‌లో మాట్లాడితే అదే టైప్ చేస్తుంది కదన్నా" అనేవాళ్లు. తెలుగులో మాట్లాడి టైప్ చేయించే సౌకర్యం గూగుల్ 2017లోనే తెచ్చింది, నిజమే. వెన్నెముక దెబ్బతిని చేతులు పోయినవాళ్లకు గొంతు బాగుంటుంది కాబట్టి అది వరం. పక్షవాతం వచ్చినవాళ్లలో చాలామందికి నాలుక కూడా దెబ్బతింటుంది. పొద్దున నేను వేరుశనగ అంటే వేరుశనగే పడుతుంది. సాయంత్రం అలసిపోయాక ఏవేవో మాటలు పడతాయి.

ఇప్పుడు పరీక్ష. గంటలో 40 వోచర్లు కొట్టాలి. నాకు ఇంకో ఇరవై నిమిషాలు కావాలని వారం ముందే అడిగాను. ఆ లెక్క నేను కల్పించింది కాదు. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లు స్క్రైబ్ (మన బదులు రాసిపెట్టే మనిషి) లేకుండా రాసినా మూడు గంటల రాతపరీక్షకు కనీసం ఒక గంట అదనంగా ఇవ్వొచ్చని కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. 2021లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, చేయి పట్టేసే జబ్బున్న ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో, 40 శాతం లేదన్న కారణంతో స్క్రైబ్‌ను కాదనకూడదంది. ప్రైవేటు సెంటర్ లోపలి పరీక్షకు ఇవి వర్తిస్తాయని నేను వాదించలేదు. కొలత ఒకటుంది కదా, అదే వాడండి అన్నాను.

ఓనర్ జవాబు: "ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారన్నా. అయినా మీరెందుకు టెన్షన్ పడతారు, రాయకపోయినా సర్టిఫికెట్ నేనిస్తా కదా."

ఇదెక్కడి న్యాయమో నాకు అంతుబట్టలేదు. ఇరవై నిమిషాలు ఇస్తే మిగతావాళ్లకు అన్యాయమట, పరీక్షే రాయకుండా కాగితం ఇస్తే కాదట. ఆ కాగితం పట్టుకుని మండీలో కూర్చుంటే మొదటి సంత రోజే బండారం బయటపడుతుంది. ఆయన చెడ్డవారు కాదు. వెయ్యి తగ్గించింది మనస్ఫూర్తిగానే. నాకు జాలి పడటం ఆయనకు సులువు, నన్ను పరీక్ష రాసే మనిషిగా చూడటమే కష్టమైంది. గంటలోనే రాశాను. 29 వోచర్లు అయ్యాయి, ఒక్క తప్పూ లేదు. సర్టిఫికెట్ మీద ఎ గ్రేడ్ కొట్టి ఇచ్చారు. నలభైకి ఇరవైతొమ్మిదిని ఎ గ్రేడ్ అనడం ఏ పద్దు కిందికి వస్తుందో ఇన్నేళ్ల గుమస్తాగిరీలో నేను చూడలేదు. నా ఫలితం షీటు విడిగా ప్రింట్ తీయించుకుని సర్టిఫికెట్‌కు పిన్ను కొట్టుకున్నాను.

పదో తరగతి దగ్గర ఆగిపోయినవాళ్లకు ఒక మాట. ఇంటర్ కూడా చేయాలనుకుంటే జాతీయ ఓపెన్ స్కూల్ పద్ధతి మన ఒంటికి సరిపోతుంది. రిజిస్ట్రేషన్ ఐదేళ్లు చెల్లుతుంది, ఆ లోపల తొమ్మిదిసార్లు పరీక్ష అవకాశం ఉంటుంది, ఒక్కో సబ్జెక్టు పాసైనప్పుడల్లా అది మన ఖాతాలో జమ అయిపోతుంది. ఒంట్లో బాగాలేని నెలలో ఊరుకోవచ్చు. మూడు నెలల్లో ముగించాల్సిన ప్రైవేటు కోర్సులో ఆ వెసులుబాటు లేదు.

ఇదే సెంటర్‌లో చేరాలనుకుంటే మధ్యాహ్నం బ్యాచ్ అడగండి. జనం తక్కువ, పక్కన నిలబడి చూపించే తీరిక మేడంకు అప్పుడే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఆ బ్యాచ్ వద్దు. మెట్లు ఆరుబయట ఉన్నాయి, రెయిలింగ్ ఇనుపది, కర్నూలు ఎండకు దాని మీద చేయి పెట్టలేం.