బీఎస్‌డబ్ల్యూకి డబ్బు కట్టే ముందు: "ఫీల్డ్ వర్క్ అక్కర్లేదు" అనేవాళ్లతో జాగ్రత్త

ఉద్యోగం చేసుకుంటూ డిస్టెన్స్‌లో బీఎస్‌డబ్ల్యూ, అంటే బ్యాచిలర్ ఆఫ్ సోషల్ వర్క్ డిగ్రీ, కడదామని చూస్తున్నవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. మా జిల్లా కేంద్రంలోని ఒక కన్సల్టెన్సీకి నేను విడతలవారీగా 66 వేలు కట్టాను. మెమోలు ఇచ్చారు, ప్రొవిజినల్ ఇచ్చారు, హోలోగ్రామ్ మెరిసే డిగ్రీ సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. ఒక కాంట్రాక్టు పోస్టు వెరిఫికేషన్‌లో అది ఎందుకూ పనికిరాదని తేలింది. దాని మీద పేరున్న యూనివర్సిటీ మాత్రం నిజంగానే ఉంది, యూనివర్సిటీలను గుర్తించే యూజీసీ జాబితాలోనూ ఉంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. "ఫేక్ యూనివర్సిటీల లిస్టులో పేరు లేదు కదా" అనుకుని చాలామంది ధైర్యంగా డబ్బు కట్టేస్తున్నారు.

నేను పిల్లల సంరక్షణ మీద పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో ఔట్‌రీచ్ వర్కర్‌ని. బడి మానేసిన పిల్లల ఇళ్లకు తిరగడం, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి బాల్యవివాహం అని ఫోన్ వస్తే ఊరికి పరుగెత్తడం, పిల్లల్ని బాలల సంక్షేమ సమితి (సీడబ్ల్యూసీ) ముందు హాజరుపరిచేటప్పుడు వెంట ఉండడం, ఇదీ నా పని. ఇంటర్‌తో చేరాను. డిగ్రీ లేకపోతే ఈ రంగంలో ఒక మెట్టు దగ్గర ఆగిపోతాం. పిల్లల రక్షణకు కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద జిల్లా బాలల సంరక్షణ విభాగంలో సోషల్ వర్కర్ పోస్టు పడితే డిగ్రీ అడుగుతారు, అందులోనూ సోషల్ వర్క్ చదివినవాళ్లకు మొగ్గు. అందుకని 2022లో చేరాను.

ఆ ఆఫీసులో గోడ నిండా ఫ్రేములే. ఐఎస్ఓ సర్టిఫికెట్, కాలేజీల నాణ్యతకు ఇచ్చే నాక్ గ్రేడ్ జిరాక్స్, ఎవరో నాయకుడితో ఓనరు ఫొటో. టేబుల్ మీద లామినేట్ చేసిన రేట్ల కాగితం ఉంది. కోర్సుల పేర్ల పక్కన మూడు వరుసలు: త్రీ ఇయర్స్, ఫాస్ట్ ట్రాక్, వన్ సిట్టింగ్. వన్ సిట్టింగ్ అంటే పాత సంవత్సరాలు వేసి ఒకేసారి డిగ్రీ ఇచ్చేయడం, దానికి రేటు ఎక్కువ. నాకు చదువు కావాలి కాబట్టి మూడేళ్లదే కట్టాను. ఆ కాగితం కనిపిస్తే మీరు కుర్చీలో కూడా కూర్చోకండి. పాత సంవత్సరాలు వేసి ఒకేసారి డిగ్రీ ఇవ్వడానికి యూజీసీ నిబంధనలు ఒప్పుకోవు. ఒక వరుసలో నిబంధన దాటేవాడు ఇంకో వరుసలో నిజాయితీగా ఉండడు.

పరీక్షలు కన్సల్టెన్సీ పై అంతస్తులోనే, ఆదివారం పూట పెట్టేవారు. రెండు సబ్జెక్టులు ఒకే పూటలో. ఇన్విజిలేటర్ ఎవరో కాదు, కింద ఫీజు రసీదులు రాసే అమ్మాయే. తెలుగులో రాయొచ్చన్నారు, ఆ మాటకే చాలామంది పడిపోయారు. హాల్ టికెట్ మీద కేంద్రం పేరున్న చోట వేల కిలోమీటర్ల అవతలి ఊరు ఉంది. అడిగితే "అది సాఫ్ట్‌వేర్‌లో అట్లనే వస్తది మేడమ్" అన్నారు.

ఇక ఫీల్డ్ వర్క్. నేను రోజూ చేసే పనే అది కదా, మా సంస్థలోనే ఒక సీనియర్‌ని సూపర్‌వైజర్‌గా పెట్టి చేస్తానని మొదటి సంవత్సరమే అడిగాను. "మీకెందుకు టెన్షన్ మేడమ్, ఫీల్డ్ వర్క్ అక్కర్లేదు, అంతా మేం చూసుకుంటం" అని ఒక స్పైరల్ బైండింగ్ చేతిలో పెట్టారు. తెరిచి చూస్తే అంతా ఇంగ్లిష్‌లో టైపు చేసిన కేస్ స్టడీలు. మూడో కేసులో 34 ఏళ్ల మహిళ, తాగే భర్త, ఇద్దరు పిల్లలు. పేరున్న చోట వైట్‌నర్ పూసి జిరాక్స్ తీశారు, ఆ ఖాళీలో మనం ఏదో ఒక పేరు రాసుకోవాలి. మండలం అని ఉండాల్సిన చోటల్లా తహసీల్ అని ఉంది. గ్రూప్ వర్క్ పేజీల్లో మహిళలు హోలీ పాటలు పాడారు. చివర, ఫీల్డ్ వర్క్ చేయించిన సంస్థ ఇవ్వాల్సిన ఏజెన్సీ సర్టిఫికెట్, ముద్ర ముందే కొట్టి ఉంది, తేదీ మాత్రం ఖాళీ. నాతో పాటు కట్టిన ఇంకో అమ్మాయికీ అదే ఫైలు, అదే మూడో కేసు. మెమోలో ఇద్దరికీ ఫీల్డ్ వర్క్‌లో నూటికి 86.

అసలు బీఎస్‌డబ్ల్యూ అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. మన దేశంలో సోషల్ వర్క్ చదువు 1936లో బొంబాయిలో టాటాల స్కూల్‌తో మొదలైంది. తర్వాత టిస్‌గా (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) మారింది అదే. అక్కడైనా మరెక్కడైనా సరిగ్గా నడిచే కోర్సులో వారంలో సుమారు రెండు రోజులు విద్యార్థి ఒక ఏజెన్సీకి వెళ్లాలి. ఆసుపత్రి కావచ్చు, హోమ్ కావచ్చు, బస్తీ కావచ్చు. ఏ రోజుకారోజు డైరీ రాయాలి. ఏజెన్సీలో ఒక సూపర్‌వైజర్, కాలేజీ నుంచి ఒక ఫ్యాకల్టీ కూర్చోబెట్టి "ఆ తల్లిని ఆ ప్రశ్న ఎందుకు అడిగావు" అని నిలదీస్తారు. రూరల్ క్యాంపు ఉంటుంది, చివర్లో వైవా ఉంటుంది. ఇదంతా తీసేస్తే మిగిలేది సోషియాలజీ గైడే. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసులో ఒక పిల్లతో మాట్లాడేటప్పుడు మొదటి పది నిమిషాల్లో ఏం అడగకూడదో గైడులో ఉండదు. మా సీనియర్లు పక్కన నిలబడి ఆపితేనే నాకు తెలిసింది. జిరాక్స్ ఫైలుతో 86 తెచ్చుకున్న మనిషి రేపు హింసకు గురైన మహిళలు సాయం కోసం వచ్చే ఏ సఖి సెంటర్‌లోనో కూర్చుంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు వెరిఫికేషన్ సంగతి. టేబుల్ అవతల కూర్చున్న ఆఫీసరు నా రెండు కాగితాలు పక్కపక్కన పెట్టారు. ఒకటి మా సంస్థ ఇచ్చిన అనుభవ పత్రం, పూర్తికాలం ఉద్యోగం, రోజూ అటెండెన్స్. రెండోది డిగ్రీ మెమో. అందులో "మోడ్" అన్న గడిలో "రెగ్యులర్" అని ఉంది. "అమ్మా, ఇదే మూడేళ్లు మీరు ఇక్కడ రోజూ డ్యూటీకి వచ్చారా, అక్కడ రోజూ క్లాసుకు వెళ్లారా? రెండింట్లో ఒకటే నిజం కావాలి" అన్నారు. నా దగ్గర ఉన్న ఒకే ఒక్క గట్టి కాగితం నా అనుభవ పత్రం. ఈ డిగ్రీ పక్కన పెట్టేసరికి అది కూడా అనుమానంలో పడింది.

తర్వాత కన్సల్టెన్సీ ఆయన్ని అడిగితే ఏమన్నాడో తెలుసా? "డిస్టెన్స్ అంటే వాల్యూ ఉండదని మీకు రెగ్యులర్‌లోనే ఇప్పించినం మేడమ్." మేలు చేశానన్నట్టే చెప్పాడు! గుర్తింపు ఉన్న సంస్థ అనుమతి ఉన్న కోర్సును డిస్టెన్స్‌లో ఇస్తే, అది రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని యూజీసీ స్పష్టంగా చెప్పింది. డిస్టెన్స్ అని ఉండడం తప్పు కాదు. చదవని చోట రెగ్యులర్ అని ఉండడమే తప్పు, పట్టుబడితే కేసు కూడా. వాళ్లు రెగ్యులర్ అని ఎందుకు వేస్తారో తర్వాత అర్థమైంది. ఆ యూనివర్సిటీకి డిస్టెన్స్‌లో బీఎస్‌డబ్ల్యూ నడిపే అనుమతే లేదు.

"యూజీసీ అప్రూవ్డ్" అన్న మాట వెనక దాచేది ఇదే. యూనివర్సిటీకి గుర్తింపు ఉండడం ఒకటి, దానికి డిస్టెన్స్ నడిపే అనుమతి ఉండడం ఇంకొకటి. ఆ అనుమతి కూడా గంపగుత్తగా ఉండదు. ఏ కోర్సుకు, ఏ విద్యా సంవత్సరానికి, ఏ సెషన్‌కు అని విడివిడిగా ఇస్తారు. యూజీసీలో డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో, డెబ్ అంటారు, వాళ్ల వెబ్‌సైట్‌లో ఆ జాబితా ఉంటుంది. యూనివర్సిటీ పేరు కనిపించగానే ఆగిపోకండి, కిందికి వెళ్లి మీ కోర్సు పేరు, మీరు చేరే సెషన్ ఉన్నాయో లేదో చూడండి. బీఏ, బీకామ్‌లకు ఉండి బీఎస్‌డబ్ల్యూకి లేకపోవచ్చు. నిరుడు ఉండి ఈ ఏడాది లేకపోవచ్చు. నాక్ గ్రేడ్ ఉన్నంత మాత్రాన ఈ అనుమతి ఉన్నట్టు కాదు. ఐఎస్ఓ సర్టిఫికెట్ అయితే డిగ్రీకి ఏమాత్రం సంబంధం లేనిది. పైగా ఫ్రాంచైజీ పద్ధతిలో కోర్సులు నడపడానికి యూజీసీ ఒప్పుకోదు. కాబట్టి "మేం ఆ యూనివర్సిటీ ఫ్రాంచైజీ" అని ఎవరైనా గర్వంగా చెబితే, తమ తప్పు తామే చెప్పుకుంటున్నారని అర్థం.

2024 తర్వాత చేరేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. డిస్టెన్స్‌లో గానీ ఆన్‌లైన్‌లో గానీ చేరాలంటే డెబ్ ఐడీ తప్పనిసరి చేశారు. మీ ఏబీసీ (అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్) ఐడీతో మీరే, మీ ఫోన్ నుంచి చేసుకోవాలి. "డెబ్ ఐడీ అవసరం లేదు" అని ఎవరన్నా అంటే ఆ అడ్మిషన్ డిస్టెన్స్ కిందకు రాదన్నట్టే. మరి ఏ కింద వేస్తున్నారని అడగండి. "రెగ్యులర్" అంటే లేచి వచ్చేయండి.

ఈ కోర్సునే ఎందుకు పట్టుకున్నారని నేను చాలా ఆలోచించాను. నర్సింగ్‌కి కౌన్సిల్ ఉంది, లాకు బార్ కౌన్సిల్ ఉంది, బీఈడీకి ఎన్‌సీటీఈ ఉంది. సోషల్ వర్క్ మొత్తానికి అలాంటి చట్టబద్ధమైన కౌన్సిల్ మన దేశంలో లేదు. ఆసుపత్రుల్లో పనిచేసే మెడికల్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను మాత్రం 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో చేర్చారు. మిగతావాళ్లకు రిజిస్ట్రేషన్ లేదు, లైసెన్సు లేదు, అడిగే నాథుడు లేడు. కాగితం బయటపడేది ఉద్యోగం వెరిఫికేషన్‌లోనే. అప్పటికి వాళ్లు బోర్డు తిప్పేసి ఉంటారు. దానికి తోడు యూనివర్సిటీ కానివాళ్లు డిగ్రీలు ఇస్తే 1956 యూజీసీ చట్టంలో ఉన్న జరిమానా గరిష్ఠంగా వెయ్యి రూపాయలు. అవును, వెయ్యే. అందుకే పోలీసులు చీటింగ్, ఫోర్జరీ సెక్షన్ల కింద వెళ్తారు. 2022లో హైదరాబాద్ పోలీసులు ఇలాంటి సర్టిఫికెట్ల ముఠాలను పట్టుకున్నప్పుడు తీగ భోపాల్‌లోని ఒక ప్రైవేటు యూనివర్సిటీ దాకా వెళ్లింది, అక్కడి పెద్ద తలకాయలే అరెస్టయ్యారు. సర్టిఫికెట్లు కొన్నవాళ్ల మీద కూడా కేసులు పెట్టారు, అది మర్చిపోకండి.

మరి ఎక్కడ చదవాలి అంటారు. ఉద్యోగం చేస్తూ అంటే నాకు తెలిసి అందరికీ అందేది ఇగ్నో, అంటే ఇందిరాగాంధీ జాతీయ ఓపెన్ యూనివర్సిటీ. ఇంటర్ పాసైతే చాలు, కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లలో పూర్తి చేయొచ్చు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో రీజినల్ సెంటర్లు ఉన్నాయి. ఫీల్డ్ వర్క్ తప్పనిసరి, దానికి జర్నల్ రాయాలి. ఫీజు నేను కట్టినదాంట్లో సగం కూడా కాదు. ఇబ్బంది ఒకటే, పుస్తకాలు ఇంగ్లిష్‌లో, హిందీలో తప్ప తెలుగులో లేవు. మనలో చాలామంది వెనకడుగు వేసేది అక్కడే, కన్సల్టెన్సీవాళ్లు "తెలుగులో రాయొచ్చు" అని వల వేసేదీ అక్కడే. ఇంటర్ అయిపోయి రెగ్యులర్‌గా వెళ్లగలిగే పిల్లలుంటే తుల్జాపూర్‌లోని టిస్ క్యాంపస్, మద్రాస్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్, మంగళూరు రోష్నీ నిలయ లాంటివి చూడమనండి. దూరమే, కానీ అక్కడ డిగ్రీ స్థాయిలో ఈ చదువు ఏళ్ల తరబడి నడుస్తోంది.

డబ్బు వెనక్కి వచ్చిందా అని అడుగుతారు కదా. రాలేదు. మొదట "మీరు ఆఫీసులో సరిగ్గా చెప్పలేకపోయారు" అన్నారు. తర్వాత "ఇంకో 15 వేలు కడితే వేరే యూనివర్సిటీది ఇప్పిస్తం" అన్నారు. రసీదులు తీసి చూస్తే ఎక్కడా యూనివర్సిటీ పేరు లేదు, ఏదో ఎడ్యుకేషనల్ సొసైటీ పేరు, "సర్వీస్ ఛార్జీలు" అని. ఫోన్‌పేలో కట్టిన విడత అయితే ఓనరు బావమరిది ఖాతాకు పోయింది. నా ఇంటర్ మెమో, టీసీ ఒరిజినల్స్ కూడా వాళ్ల దగ్గరే పెట్టుకున్నారు. విద్యార్థి ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. దాని ప్రింటు తీసుకెళ్లి, స్టేషన్‌కు వెళ్తున్నానని చెప్పాకే బీరువా తీశారు.

ఆ సర్టిఫికెట్‌ను నేను మళ్లీ ఏ దరఖాస్తుకూ జత చేయలేదు, ఎవరూ చేయకండి. స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాను, 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో నమోదు చేశాను, యూజీసీకి రాశాను. ఆ కన్సల్టెన్సీ ఇప్పుడు పేరు మార్చుకుంది. కొత్త ఫ్లెక్సీలో బీఎస్‌డబ్ల్యూతో పాటు కంప్యూటర్ కోర్సు ఫ్రీ అంటున్నారు. మీరు కూడా ఇలాంటి చోట కట్టి ఉంటే రసీదులు, యూపీఐ స్క్రీన్‌షాట్లు, వాట్సాప్‌లో వాళ్లు పెట్టిన వాయిస్ మెసేజ్‌లు, ఆ ఫీల్డ్ వర్క్ ఫైలు ఏవీ పారేయకండి. ముఖ్యంగా ఫైలు. నాదీ ఆ అమ్మాయిదీ పక్కపక్కన పెట్టి మూడో కేసు చూపించాకే స్టేషన్‌లో మా మాట విన్నారు.