ఎక్లిస్సే లైటు: ఏళ్ళ తరబడి మంచం పక్కన వాడాక

మిలాన్‌లో మాది అద్దె ఇల్లు. ఇటాలియన్ లైట్లు అనగానే అందరూ చెప్పేది కాస్తిలియోనీ అన్నదమ్ములు డిజైన్ చేసిన ఆర్కో అనే పెద్ద స్టాండు లైటు గురించి. 1962 నాటిది. దాని పాలరాతి దిమ్మే దాదాపు 65 కిలోలు. చీపురు కర్ర దూర్చి ఇద్దరు ఎత్తడానికి వీలుగా రాయికి కన్నం కూడా పెట్టారు. ఆ కన్నం నాకు భలే ఇష్టం గానీ, ఇల్లు మారినప్పుడల్లా ఆ రాయి ఎవరు మోస్తారు? అందుకే వీకో మజిస్ట్రెట్టి 1965లో డిజైన్ చేసిన ఎక్లిస్సే సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. మొత్తం జానెడు ఎత్తు.

మూడు లోహపు డొప్పలు, అంతే. ఒకటి అడుగున పీట, ఒకటి కదలని పై డొప్ప, మూడోది దాని లోపల తిరిగేది. లోపలి డొప్పను వేలితో నెడితే బల్బుకి గ్రహణం పట్టినట్టు వెలుగు సన్నబడుతూ పోతుంది. డిమ్మర్ లేదు, సర్క్యూట్ లేదు, పాడవడానికి పెద్దగా ఏమీ లేదు. మా ఆయన పడుకున్నాక ముప్పావు వంతు మూసేస్తాను. ఆయన మొహాన వెలుగు పడదు, నా కళ్ళజోడు, నీళ్ళ గ్లాసు మాత్రం కనిపిస్తాయి. వేలు పెట్టే అంచు దగ్గర తెల్లరంగు కొద్దిగా అరిగింది.

దీని మొదటి స్కెచ్ మజిస్ట్రెట్టి మెట్రో టికెట్ మీద గీశాడని చెబుతారు. 1967లో దీనికి కొంపాసో దోరో అనే ఇటాలియన్ డిజైన్ అవార్డు వచ్చింది.

ఒకటి గుర్తుంచుకోవాలి. డొప్ప మూసినా బల్బు పూర్తిగానే వెలుగుతుంటుంది. కరెంటు ఏమీ ఆదా కాదు, వేడి కూడా లోపలే ఉండిపోతుంది. ఫిలమెంట్ బల్బు వాడిన రోజుల్లో, అదీ 25 వాట్లదే, కాసేపయ్యాక అంచు ముట్టుకుంటే చురుక్కుమనేది. సన్న హోల్డరుకి సరిపడే ఎల్ఈడీ వేశాక ఆ బాధ తప్పింది. పొట్టి, గుండ్రటి బల్బే కొనండి, పొడుగుది డొప్పకి తగులుతుంది. పసుపు వెలుగుదే అయ్యుండాలి. తెల్లటిది వేస్తే పడగ్గది కాస్తా మందుల షాపైపోతుంది.

చదువుకోవడానికి మాత్రం దీన్ని కొనకండి. సగం తెరిచినా వెలుగు ఒక పక్కకే పోతుంది, పుస్తకం అటూ ఇటూ జరుపుకుంటూ కూర్చోవాలి. నాకైతే చదువుకి వేరే లైటుంది.

పాతది కొనేటట్టయితే లోపలి డొప్పను తిప్పి వదిలి చూడండి, వదిలిన చోటే ఆగాలి. వైరు గట్టిపడి పగుళ్ళిస్తుంటే ప్లగ్గులో పెట్టకుండా ముందు ఎలక్ట్రీషియన్‌తో మార్పించండి.