అవ్వ చెప్పిన ఏడాది: కడపలో వేయించుకునే ఉగాది పుస్తకం ఎట్లుంది?

కడప ఏడు రోడ్ల దగ్గరి సందుల్లో పెళ్లి పత్రికలు, కరపత్రాలు వేసే డీటీపీ సెంటర్లలో ఒకటి ఈ మధ్య కొత్త పని పట్టింది. ఏడాది పొడుగునా ఇంట్లో జరిగినవన్నీ అవ్వ చేత చెప్పించి, ఫోన్‌లో రికార్డు చేసి తెచ్చిస్తే చాలు. ఫొటోలు కలిపి 40 పేజీల ఏ5 సైజు (ఏ4 కాగితంలో సగం) పుస్తకంగా వేసిస్తారు. లెక్క జనవరి నుంచి కాదు, ఉగాది నుంచి ఉగాదికి. విశ్వావసు అయితే 2025 మార్చి 30 నుంచి 2026 మార్చి 18 దాకా. నెలకు మూడు పేజీల చొప్పున 36, ముందూ వెనకా కలిపి ఇంకో నాలుగు.

అచ్చు బాగుంది, పిన్నింగ్ బాగుంది. అవ్వ మాట మాత్రం మధ్యలో ఎక్కడో జారిపోతోంది. అది జారకుండా పట్టుకోగలిగితే పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది.

ముందు మెచ్చుకోవాల్సింది చెప్పాలంటే, ఆఖర్లో పెట్టే ఆదాయ వ్యయాల పేజీ. పంచాంగంలో రాశులకు ఉన్నట్టే ఇక్కడ ఇంట్లోవాళ్లకు. కౌంటర్ మీది నమూనా పుస్తకంలో చిన్న మనవడికి ఆదాయం 2, వ్యయం 14, రాజపూజ్యం 1, అవమానం 6 వేసి, "ఆరులో నాలుగు లెక్కల అయ్యోరి దగ్గరే" అని కింద అవ్వ మాట. పెద్ద కోడలికి రాజపూజ్యం 7, అవమానం 0. దాని కింద: "ఈ సున్నా నేను వేసింది కాదు, పక్కన కూచోని వేయించుకునింది." పుస్తకం ఎవరి చేతికిచ్చినా మొదట తిప్పేది ఈ పేజీనే. కాకపోతే ఏ5 వెడల్పు 148 మిల్లీమీటర్లే. పేరు, నాలుగు అంకెలు, అవ్వ మాట అన్నీ ఒకే వరసలో గడులు కడితే అక్షరం 10 పాయింట్లకు దిగిపోతుంది. అంకెలు ఒక వరస, మాట దాని కింద వరస అని ముందే చెప్పండి.

ఇక అసలు గొడవ. టైపు చేసే అబ్బాయికి అలవాటైన భాష పెళ్లి పత్రికలది. అవ్వ, "కారు పూజకు నాలుగు నిమ్మకాయలు చాలంట. ఆరు తెమ్మంటి. రెండు చిత్రాన్నానికి" అంటే, మొదటి ప్రూఫులో, అంటే సరిచూసుకోమని ఇచ్చే ప్రతిలో, అది "నూతన వాహన పూజ ఘనంగా జరిగినది" అయి కూర్చుంటుంది. జేజి నానమ్మ అవుతుంది, చెనిక్కాయలు వేరుశనగలవుతాయి, "యాడ" కాస్తా "ఎక్కడ" అవుతుంది. ఆ అబ్బాయి దృష్టిలో అది తప్పులు దిద్దడం. అందుకే ఆడియోతో పాటు ఒక కాగితం మీద మార్చకూడని మాటలు ఇరవై రాసివ్వండి. ఇంకా మంచిది, మీరే టైపు చేసి ఇవ్వడం. ఫోన్ వాయిస్ టైపింగ్‌ను నమ్ముకుంటే అదీ యాసను సాపు చేస్తుంది కాబట్టి, తర్వాత ఆడియో వింటూ ఒకసారి సరిచూసుకోవాల్సిందే.

ఎంత చెప్పించాలన్నదానికీ ఒక కొలత ఉంది. 14 పాయింట్ల అక్షరంతో ఒక పేజీలో 130 మాటల దాకా పడతాయి. నెలకు మూడు పేజీల్లో ఒకటి ఫొటోలకు పోతే మిగిలేది 260 మాటలు, అంటే మూడు నిమిషాల మాట. అరగంట రికార్డు తెచ్చిస్తే కోత సెంటర్ వాళ్ల చేతిలో పడుతుంది. వాళ్లు సంఘటన ఉంచి సందర్భం లేని మాట తీసేస్తారు. అవ్వ చమత్కారమంతా ఆ సందర్భం లేని మాటలోనే ఉంటుంది. ఏది ఉంచాలో ఇంట్లోనే తేల్చుకొని వెళ్లండి.

టైపు చేసి ఇచ్చినా ఒక చిక్కు మిగులుతుంది. ఈ సెంటర్లో ఇంకా పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లోనే, పాత పద్ధతి అను తెలుగు ఫాంట్లతోనే పని. పేజ్‌మేకర్ ఫోన్లలో వాడే యూనికోడ్ తెలుగును పట్టదు కాబట్టి మీ ఫోన్ తెలుగును కన్వర్టర్‌లో వేసి మారుస్తారు. ఆ మార్పులో "ఫోన్‌లో" కాస్తా "ఫోన్లో" అవుతుంది, అక్కడక్కడ వత్తు ఎగిరిపోతుంది. ప్రూఫు చూసేటప్పుడు ఇంగ్లీషు మాటల చివర్లు, జంట వత్తులు ఉన్న చోట్లు ముందు చూడండి. అలాగే లైను ఎడం 20 పాయింట్లకు తగ్గనివ్వొద్దు. పేజీలు కలిసిరావాలని 16కు బిగిస్తే పై లైను వత్తులు కింది లైను గుడుల మీద పడతాయి. అవ్వ కళ్లజోడు పెట్టుకున్నా చదవలేదు.

ఫొటోల దగ్గర సెంటర్ వాళ్లది తప్పేమీ లేదు, తెచ్చేవాళ్లదే. మామూలుగా వాట్సాప్‌లో పంపిన ఫొటో పొడుగు 1600 పిక్సెళ్ల దగ్గరికి కుంచించుకుపోతుంది. అర పేజీకి అది సరిపోతుంది. నిండు పేజీకి అంచు కోతతో కలిపి 2,550 పిక్సెళ్లు కావాలి, లేకపోతే మొహాలు మసకబారతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. ఇంకో నష్టం, వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలో తీసిన తేదీ ఉండదు. ఏప్రిల్ 11న తీసిన ఒంటిమిట్ట కల్యాణం ఫొటోను ఎవరో మే నెలలో పంపి ఉంటే, అది చైత్రంలో కాకుండా వైశాఖంలో తేలుతుంది. ఫైలు పేరు ముందు నెల పేరు పెట్టిస్తే ఆ బాధ ఉండదు. ఒంటిమిట్టలో కల్యాణం రాత్రిపూట కాబట్టి ఆ ఫొటోలు ఫోన్‌లో కనిపించినదానికన్నా కాగితం మీద నల్లగా వస్తాయి, కాస్త వెలుగు పెంచమనండి. రాణి రంగు, చిలకపచ్చ చీరలు మాత్రం ఏం చేసినా ఒక పాలు తగ్గే వస్తాయి. నాలుగు రంగుల సిరాతో అంతే.

కాగితం అడిగితే ముందు మెరిసే ఆర్ట్ పేపర్ చూపిస్తారు. వద్దనండి. ట్యూబ్‌లైటు కింద మెరుపు కళ్లలో కొడుతుంది. లోపల 100 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) ఉన్న మెరుపులేని మ్యాప్‌లిథో కాగితం, అట్టకు 300 జీఎస్‌ఎం మీద మ్యాట్ లామినేషన్ చాలు. మధ్యలో రెండు పిన్నులు కొట్టే పద్ధతే ఈ పుస్తకానికి సరి. వీపు ఉంటే దర్జాగా ఉంటుందని గమ్ బైండింగ్‌కు పోతారు కొందరు. నలభై పేజీల సన్నని వీపు మీద గమ్‌కు పట్టు దొరకదు, ఆర్ట్ పేపర్ అయితే మరీను. కడప మే నెల ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద ఒక పూట పెడితే పేజీలు చేతికొస్తాయి.

కంప్యూటర్లో పేజీ అమర్చడానికి 60 రూపాయలు, అంటే 40 పేజీలకు ఒక్కసారి 2,400. ఆపైన కాపీకి 280. పది కాపీలు వేయిస్తే ఒకటి 520 పడుతుంది, పాతిక వేయిస్తే 376. ఆడియో విని టైపు చేయడానికి పేజీకి ఇంకో 50. ఒక ప్రూఫు ఉచితం, రెండో ప్రూఫుకు డబ్బు అడుగుతారు. ఆ రెండోదానికి వెనకాడొద్దు, నిమ్మకాయలు వెనక్కి వచ్చేది అక్కడే. పెళ్లి పత్రికల రోజుల్లో వారం అన్నది మూడు వారాలవుతుంది. దేవుని కడప రథోత్సవం, అంటే రథసప్తమి, అయిన వెంటనే సరుకు ఇచ్చేస్తే ఉగాది నాటికి చేతికి వస్తుంది. మిగిలిన ఫాల్గుణం కబుర్లకు మూడు పేజీలు ఖాళీ పెట్టించి ఆఖర్న నింపించుకోవచ్చు.

పరాభవకు ఇప్పుడే చెప్పి ఉంచాల్సినది ఒకటుంది. 2026 మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. సెంటర్ వాళ్ల అచ్చులో పన్నెండు నెలలకే చోటుంది. పదమూడు నెలలకు 39, ముందువెనకలు నాలుగు, మొత్తం 43 పేజీలు. పిన్నుల పుస్తకానికి నాలుగేసి పేజీలే కలుస్తాయి కాబట్టి 44 వేయాలి. మిగిలే ఆ ఒక్క పేజీని ప్రకటన కోసం అడుగుతారు. ఇవ్వకుండా గీతలు కొట్టించి ఖాళీగా ఉంచండి. పుస్తకం చేతికొచ్చాక "ఇది నేను ఇట్ల చెప్పలే" అని అవ్వ చెప్పేవాటికి చోటు కావాలి.