అమలాపురం నుంచి నాగపూర్, మళ్ళీ వెనక్కి: అట్టపెట్టెలు, ప్లాస్టిక్ ట్రేలు, నీలం డ్రమ్ముల సమీక్ష

మా ఆయనది ట్రాన్స్‌ఫర్ల ఉద్యోగం. అమలాపురం నుంచి నాగపూర్, అక్కడి నుంచి భీమవరం, తర్వాత బెంగళూరు, ఇప్పుడు మళ్ళీ అమలాపురం. కాపురం ఎత్తడం, దింపడం అలవాటైపోయింది. సామాను సర్దడానికి ఇన్నేళ్ళలో రకరకాలవి కొన్నాం. కొన్ని పారేశాం, కొన్ని ఇంకా ఇంట్లో పనికొస్తూనే ఉన్నాయి. ఏది నిలబడిందో, ఏది దండగో రాద్దామని ఈ సమీక్ష.

ముందే ఒక మాట. దూరపు మకాం అనగానే అందరూ రోడ్డు గతుకుల గురించి కంగారుపడతారు. మన గోదారి లంకల వైపు నుంచి బయల్దేరే సామానుకు అసలు శత్రువు చెమ్మ. గతుకులకు ఒక గాజు గ్లాసు పోతుంది. చెమ్మకు పరుపులు, పుస్తకాలు, పట్టుచీరలు, చెక్క సామాను అన్నీ పోతాయి, అదీ దింపిన నెలకు గానీ తెలియదు. కింద నేను వేసిన మార్కులన్నీ ఈ లెక్కలో వేసినవే.

అట్టపెట్టెలతో మొదలుపెడతాను. మూడు ప్లై, ఐదు ప్లై, ఏడు ప్లై అని దొరుకుతాయి, ప్లై అంటే అట్ట పొరలు. మూడు ప్లై పెట్టెలు తేలికపాటి బట్టలకు తప్ప దేనికీ వద్దు. ఐదు ప్లైకి నాగపూర్‌లో అయితే పదికి తొమ్మిది ఇస్తాను, అమలాపురంలో ఐదు. పెట్టె అదే, గాలి వేరు. అట్ట గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ 90 శాతానికి చేరితే దాని మోసే బలం దాదాపు సగానికి పడిపోతుంది. మనకి వానాకాలంలో చాలా ఉదయాలు అలాగే ఉంటాయి. పైకి చూస్తే పెట్టె బాగానే ఉంటుంది. చేత్తో నొక్కితే మాత్రం నానిన అప్పడంలా ఉంటుంది. అలాంటివి లారీలో ఒకదాని మీద ఒకటి ఐదు వరసలు పేరిస్తే అడుగు వరస రావులపాలెం దాటకముందే కూర్చుండిపోతుంది.

అందుకని పెట్టెలు ముందుగా కొనిపెట్టుకోవడం మంచిదనే సలహా ఇక్కడ పనికిరాదు. సర్దే వారంలోనే తెప్పించండి. తెచ్చినవి నేల మీద కాకుండా మంచం మీదో బల్ల మీదో పెట్టండి, గచ్చు నుంచి చెమ్మ లాగేస్తాయి. కిరాణా కొట్లో అడిగి తెచ్చుకునే పాత పెట్టెలు ఉచితమే, కానీ వాటితో పాటు బొద్దింకలు కూడా కొత్త ఊరికి వస్తాయి. పుస్తకాలకు చిన్న పెట్టెలే వాడండి. పెద్ద పెట్టె నిండా పుస్తకాలు పెడితే హమాలీ ఎత్తలేడు, ఈడుస్తాడు. ఈడిస్తే అడుగు ఊడుతుంది. బ్రౌన్ టేపు అడుగున మధ్య గీత మీద ఒక్కటే వేస్తే చాలదు, రెండు చివర్లా అడ్డంగా కూడా వేయాలి.

ఇక నాకు బాగా నచ్చినవి ప్లాస్టిక్ ట్రేలు. భీమవరంలో ఉన్నప్పుడు పరిచయమయ్యాయి. ఆ చుట్టుపక్కలంతా చేపల చెరువులు, రొయ్యల చెరువులు కదా, సరుకు మోయడానికి వాడే గట్టి ట్రేలు, ఐసు వేసే థర్మోకోల్ పెట్టెలు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి. ఖాళీ వైపులున్న కూరగాయల ట్రేలు కాకుండా, నాలుగు వైపులా మూసి ఉండి, మూత బిగుసుకునే రకం తీసుకున్నాం. స్టీలు గిన్నెలు, మిక్సీ, కుక్కర్లు, దేవుడి సామాను అన్నీ వాటిలోనే. ఒకదాని మీద ఒకటి కదలకుండా కూర్చుంటాయి, హమాలీకి పట్టుకోవడానికి పిడి ఉంటుంది, వాన పడ్డా అడుగు ఊడదు. భీమవరం నుంచి బెంగళూరు, అక్కడి నుంచి అమలాపురం వెళ్ళొచ్చినా ఒక్కటీ పగల్లేదు. మూతలు రెండు మూడు మాత్రం బీటలు వారాయి, అది కూడా మేడ మీద ఎండలో వదిలేసినందుకు.

వీటిలో ఒక తిరకాసు ఉంది. సెకండ్ హ్యాండ్‌లో చౌకగా వస్తాయని చూస్తే రొయ్యల వాసన పోదు. బ్లీచింగ్ పౌడర్ వేసి కడిగి, వారం రోజులు ఎండబెట్టినా, మూతపెట్టి తీసేసరికి మళ్ళీ పలకరిస్తుంది. బట్టలు పెట్టాలనుకుంటే కొత్తవే కొనాలి. రెండో సంగతి, ఖాళీ అయ్యాక కూడా అవి అంత చోటూ ఆక్రమిస్తాయి. అపార్ట్‌మెంటులో ఉండేవాళ్ళు ఒకదానిలో ఒకటి దూరే రకం చూసుకోవాలి. అయినా పదికి ఎనిమిదిన్నర.

నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము గురించి ప్యాకర్స్ వాళ్ళు ఎవరూ చెప్పరు. మన ఇళ్ళల్లో బియ్యం పోసుకోవడానికి వాడతామే, ఇనుప క్లాంపుతో మూత బిగించేది, అదే. దుప్పట్లు, దిండ్లు, చలికోట్లు, పిల్లల మెత్తటి బొమ్మలు అందులో కుక్కి మూత బిగిస్తే గోదావరిలో పడేసినా లోపలికి చుక్క దూరదు. అయితే లోపల పెట్టేవి ఎర్రటి ఎండలో ఆరేసి, చల్లారాక పెట్టాలి. కాస్త పచ్చిగా ఉన్నవి పెట్టి బిగిస్తే ఆ చెమ్మ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది. పదికి తొమ్మిది. గుండ్రంగా ఉండి లారీలో చోటు వృథా అవుతుందని ఒక మార్కు తీశాను.

పెళ్ళినాటి ట్రంకు పెట్టె కూడా ఇన్ని ఊళ్ళూ మాతో తిరిగింది. దాని అడుగు తుప్పు పడుతుంది, అదొక్కటే లోపం. రెండేళ్ళకోసారి అడుగున రెడ్ ఆక్సైడ్ కొట్టించి, ఇటుకల మీద పెడితే ఇంకో తరం వాడుకోవచ్చు. పట్టుచీరలు పాత నూలు పంచెలో చుట్టి పెడతాను. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి, నల్లబడుతుంది. ఇంటి కాగితాలు, పిల్లల టీసీలు, డాక్టరు చీటీలు మొదట్లో ఇందులోనే పెట్టేదాన్ని. ఇప్పుడు అవి మా చేతిసంచీలో మాతో పాటే వస్తాయి. సామాను ముందు చేరొచ్చు, వెనక చేరొచ్చు. స్కూలు వాళ్ళు మాత్రం ఆగరు.

పగిలే సామాను మధ్య మెత్తగా ఏం వేయాలి అన్నదాని మీద మా ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. ట్రాన్స్‌ఫర్లు ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి, సరిగ్గా దాళ్వా కోతలయ్యాక వరిగడ్డి దండిగా ఉండే సమయం. మామయ్యగారు గడ్డి మోపులు తెప్పించారు. ఎండిన గడ్డి పింగాణీ సామానుకు నిజంగా బాగుంటుంది, ఒక్క కప్పూ పగల్లేదు. కానీ దుమ్ము, పురుగు, దానికి తోడు దారిలో ఓ జల్లు పడితే ముక్కిపోయిన వాసన. కొబ్బరి పీచు మన దగ్గర ఇంకా చవక, కానీ అది గిన్నెల సందుల్లో దూరి నెల రోజులు కూరల్లో కనిపిస్తుంది. నా ఓటు పాత చీరలకు, బొంతలకు. ఎలాగూ తీసుకెళ్ళాల్సినవే, వేరే చోటు తినవు. బబుల్ షీటు టీవీకి, గాజు తలుపులకు సరే. చెక్క బీరువాకు, టేకు బల్లలకు నేరుగా చుట్టనివ్వకండి. లోపల చెమ్మ నిలిచి పాలిష్ మీద తెల్ల మచ్చలు తేలతాయి. ముందు దుప్పటి, దాని మీద బబుల్ షీటు.

చెక్క సామాను మాటకొస్తే, ఇది ఎవరూ చెప్పని సంగతి. మన గాలిలో ఏళ్ళ తరబడి ఉన్న టేకు కొంచెం ఉబ్బి ఉంటుంది. నాగపూర్ ఎండలు 45 డిగ్రీలు దాటతాయి, గాలి పొడిపొడిగా ఉంటుంది. అక్కడికి చేరాక చెక్క కుంచించుకుపోయి మంచం కీళ్ళు వదులై కిర్రుమంటాయి, బీరువా పలకల మధ్య సందులు పడతాయి. దింపిన రోజే వడ్రంగిని పిలిచి బిగించకండి. ఒక నెల ఆగి, చెక్క ఆ ఊరి గాలికి అలవాటు పడ్డాక బిగించాలి. అటు నుంచి ఇటు వచ్చేటప్పుడు అంతా తిరగబడుతుంది. అక్కడ చక్కగా మూసుకున్న అల్మరా తలుపు ఇక్కడ శ్రావణం వచ్చేసరికి పట్టేస్తుంది. చిత్రిక పట్టించే తొందరలో చెక్క ఎక్కువ తీయించుకుంటే వేసవిలో తలుపు మూసినా సందు ఉండిపోతుంది.

ఆవకాయ జాడీ సంగతి రాయకపోతే ఇది గోదావరి జిల్లా సమీక్ష అనిపించుకోదు. ఆవకాయ పెట్టే కాలం, ట్రాన్స్‌ఫర్ ఆర్డర్లు వచ్చే కాలం ఒకటే. కొత్త ఆవకాయ జాడీకి వాసెన కట్టి ట్రేలో పెట్టి లారీ ఎక్కిద్దామని నేనంటే, "జాడీని లారీవాడి చేతిలో పెడతావా అమ్మాయ్? వాడు బోర్లించి పెడితే నువ్వు చూడొచ్చావా?" అన్నారు అత్తయ్యగారు. ఆవిడ మాటే నెగ్గింది. ఊరగాయ గాజు సీసాల్లోకి మార్చి మాతోపాటు రైల్లో వచ్చింది, ఖాళీ జాడీ కడిగి, ఆరబెట్టి, బొంతలో చుట్టుకుని లారీలో వెళ్ళింది. అప్పటి నుంచీ అదే పద్ధతి.

లారీ దగ్గరికి వస్తే, అమలాపురానికి రైలు లేదు. కోటిపల్లి–నరసాపురం లైను పనులు ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉన్నాయి. బండి రైల్లో పార్సిల్ వేయాలన్నా రాజమండ్రో కాకినాడో పోవాలి, ట్యాంకులో పెట్రోలు తీసేస్తేనే తీసుకుంటారు. అందుకని ఇంటి సామాను మొత్తం రోడ్డు మీదే. కాలవ గట్టు మీద ఇళ్ళకు పెద్ద లారీ రాదు. ట్రాలీ ఆటోలో మెయిన్ రోడ్డు దాకా తెచ్చి మళ్ళీ ఎక్కించాలి. ఎన్నిసార్లు ఎత్తి దించితే అన్ని దెబ్బలు. బేరం ఆడేటప్పుడే ఈ ట్రాలీ ఖర్చు ఎవరిదో తేల్చుకోండి, లోడింగ్ రోజున గేటు దగ్గర వాదన టెన్షన్ తప్పుతుంది.

పార్ట్ లోడ్ అంటే మన సామానుతో పాటు వేరేవాళ్ళది కూడా కలిపి వేయడం. చవక. కానీ లారీ నిండేదాకా మన సామాను గోడౌన్‌లో పడి ఉంటుంది. బెంగళూరు వెళ్ళేటప్పుడు ఒక ప్యాకర్స్ వాళ్ళు మా పరుపుల్ని జూన్ వానల్లో అలా గచ్చు మీద వదిలేశారు. చేరేసరికి ఒక పరుపు అడుగంతా నల్ల చుక్కలు. నష్టపరిహారం అడిగితే, బిల్లులో ఇన్సూరెన్స్ పేరుతో మా దగ్గర వసూలు చేసిన డబ్బుకు వెనక పాలసీయే లేదని తేలింది. కాబట్టి ఇన్సూరెన్స్ అంటే బీమా కంపెనీ ఇచ్చిన పాలసీ కాగితం మన పేరుతో చేతికి వస్తేనే నమ్మండి. వానాకాలమైతే మూసిన కంటైనర్ బండే అడగండి. తెరిచిన లారీకి పైన బరకం కడతారు గానీ, పక్కల నుంచి కొట్టే జల్లును అది ఆపదు. వాడిన ఇంటి సామానుకు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు తీసుకునే జీఎస్టీ పత్రం) అక్కర్లేదు, అయినా సామాను జాబితా ఒక కాపీ డ్రైవరు దగ్గర, ఒకటి మన దగ్గర ఉండాలి. పెట్టెల మీద నంబర్లు పైన కాదు, పక్కన వేయండి. పేర్చాక పై భాగం కనపడదు.

ఫ్రిజ్ ఒక రోజు ముందే ఆపి, తలుపు తెరిచి లోపల పూర్తిగా ఆరనివ్వాలి. తలుపు రబ్బరు మడతల్లో చెమ్మ మిగిలితే అక్కడే బూజు మొదలవుతుంది. నిలువుగానే ఎక్కించాలి, దింపాక కొన్ని గంటలు ఆగి స్విచ్ వేయాలి. ముందు తలుపు వాషింగ్ మెషీన్ అయితే లోపలి డ్రమ్ము కదలకుండా పట్టి ఉంచే, కొన్నప్పుడు తీసేసిన ట్రాన్సిట్ బోల్టులు మళ్ళీ బిగించాలి, అందుకే అవి పారేయకూడదు. గ్యాస్ సిలిండరు లారీ ఎక్కించడానికి వీల్లేదు. సిలిండరు, రెగ్యులేటరు ఏజెన్సీకి అప్పగించి టర్మినేషన్ వోచర్ (కనెక్షన్ వదులుకున్నట్టు ఇచ్చే కాగితం) తీసుకుంటే డిపాజిట్ వెనక్కిస్తారు, ఆ వోచర్‌తో కొత్త ఊళ్ళో కనెక్షన్ తీసుకోవచ్చు. బండి వేరే రాష్ట్రంలో 12 నెలలు మించి ఉంచితే అక్కడ మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించాలి, దానికి ఇక్కడి ఆర్టీవో ఆఫీసు నుంచి ఎన్వోసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, కావాలి. 2021లో వచ్చిన, అన్ని రాష్ట్రాల్లోనూ చెల్లే బీహెచ్ సిరీస్ నంబరు ఉంటే ఈ తంటా లేదు.

చివరిసారి వచ్చాక అట్టపెట్టెలన్నీ పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. దాచుకుందామని అంతకుముందు అటక మీద పెట్టినవాటికి చెదలు పట్టాయి. డ్రమ్ముల్లో ఇప్పుడు బియ్యం ఉన్నాయి. ట్రేలు మాత్రం వీధిలో ఎవరింట్లో శుభకార్యమైనా గిన్నెలు మోయడానికి పట్టుకెళ్తుంటారు. నాలుగు ట్రేలు పక్కవీధి పెళ్ళివారి దగ్గరే ఉండిపోయాయి, ఆర్డరు వచ్చేలోపు వెళ్ళి అడగాలి.